ఫొటో వెనక ‘ఒంగోలు, నెల్లూరు జిల్లా’ అని ఉంటే: పాత ఫొటోలు, కాగితాలతో ఊరి చరిత్ర రాయడం గురించి

నమస్తే అండి. మీ ప్రశ్న, మీరు జతచేసిన ఫొటో చూశాను. మిగతావాళ్ల కోసం విషయం క్లుప్తంగా చెప్తాను. కందుకూరు దగ్గర మీ ఊళ్లో, కరణీకం చేసిన మీ ముత్తాతగారి ట్రంకుపెట్టెలో అట్టకి అంటించిన పెద్ద గ్రూపు ఫొటో, కొన్ని పోస్టుకార్డులు, ‘ఫసలీ 1310’ (ఫసలీ అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం) అని తలకట్టు ఉన్న కాగితాల కట్ట, ఒక తాటాకు కవిలె దొరికాయి. ఫొటో వెనక పెన్సిలుతో ఇంగ్లీషులో ‘ఒంగోలు, నెల్లూరు జిల్లా’ అని ఉంది. అది ధాత కరువులో (1876-78) కాలవ తవ్వినప్పటి ఫొటో అని మీ ఇంట్లో పెద్దలు చెప్తారు. ఆ మాట నిజమేనా, వీటితో ఊరి చరిత్ర రాయొచ్చా అని మీరు అడిగారు.

రాయొచ్చు. అయితే ఫొటోతో మొదలుపెట్టకండి. ఆ కాలంలో ఆ చోటు ఏ కచేరీ కింద ఉండేదో ముందు తేల్చుకోండి. సర్వే, రెవెన్యూ రికార్డుల మధ్య ఉద్యోగం చేసి రిటైరైనవాడిగా చెప్తున్నాను, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చరిత్ర వెతికేవాళ్లు ఎక్కువగా దారి తప్పేది ఇక్కడే. కాగితం పోయిందనుకుంటారు గానీ అది పోలేదు, ఇంకో జిల్లా పేరు కింద ఇంకో ఊళ్లో ఉంది.

ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలోదే. ఆ ఏడు గుంటూరు జిల్లా కొత్తగా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా వచ్చింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. ఆ జిల్లాకి కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి నెల్లూరు నుంచి వచ్చాయి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరు నుంచి. 2022లో కందుకూరుని మళ్లీ నెల్లూరులో కలిపారు, చీరాల, అద్దంకి బాపట్లకి పోయాయి. ఆ గీతలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. కాబట్టి గిద్దలూరు మనిషి నెల్లూరు కలెక్టరేటులో 1880 నాటి కాగితం అడిగితే గుమస్తా తల అడ్డంగా ఊపుతాడు. అందులో అతని తప్పేమీ లేదు.

మీ ఫొటో వెనక రాతకి విలువ ఇక్కడుంది. కందుకూరు పక్కన ‘నెల్లూరు జిల్లా’ అని ఉంటే దాంతో ఏమీ తేలేది కాదు, 1970 దాకా అలాగే రాసేవాళ్లు. ఒంగోలు పక్కన ఉంది గనక ఆ రాత 1904కి ముందుదని మొదటి అంచనా వేసుకోవచ్చు. అంచనా అని ఎందుకన్నానంటే, జిల్లా మారినా చెయ్యి అలవాటు వెంటనే మారదు. ఇప్పటికీ కనిగిరి పక్కన నెల్లూరని రాసే పెద్దవాళ్లు నాకు తెలుసు. పైగా వెనక రాసిన మనిషి, ఫొటో తీసిన మనిషి ఒకరే అయ్యుండక్కర్లేదు.

ఇప్పుడు ఫొటో సంగతి. పెద్దది చేసి చూశాను. నడుమ కుర్చీలో టోపీ దొర ఉన్నాడు. పక్కన కోటు మీద ఉత్తరీయం, తలపాగాతో ఇద్దరు, గుమస్తాలో కాంట్రాక్టరు మనుషులో. వాళ్ల వెనక మట్టికట్ట మీద పారలు, తట్టలు పట్టుకున్న జనం. తట్టలు మోసేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. ఎడమ అంచున, అట్ట మీద మరక పడిన చోట, దుంగలు పేర్చి ఉన్నాయి చూడండి. అన్నీ ఒకే పొడవు, ఒకే మందం. వంటచెరకుని అలా ఎవరూ కొయ్యరు, అవి రైలు స్లీపర్లు. వాటి ముందు నేలమీద సన్న పట్టాలు, పట్టాల మీద పక్కకి ఒరిగించే తొట్టి బండి. కాలవ పనిలోనూ కట్టలు పోస్తారు, కాని రెండు కట్టల మధ్య గొయ్యి కనపడాలి. ఇక్కడ చదును నేల మీద ఒకే కట్ట లేస్తోంది.

ఇంకో గుర్తు కూడా ఉంది. కుడివైపు ఒకావిడ తట్ట బోర్లిస్తోంది. ఆమె చెయ్యి, జారుతున్న మట్టి రెండూ మసక లేకుండా పడ్డాయి. 1877లో తడి పలక పద్ధతి వాడేవారు. గాజుపలకకి మందు పూసి, అది ఆరేలోపే కెమెరాలో పెట్టి తీసి, అక్కడే గుడారంలో కడగాలి. బయట వెలుతురులో కూడా సాధారణంగా కొన్ని సెకన్లు పట్టేది, అంతసేపూ మనుషులు బిగదీసుకుని నిలబడేవాళ్లు. కదులుతున్న చెయ్యి ఇంత స్పష్టంగా పడిందంటే అది పొడి పలకలొచ్చాక తీసింది, అంటే 1880ల నుంచి ఇటుది. మద్రాసు నుంచి బెజవాడకి ఒంగోలు మీదుగా రైలు మార్గం 1899లో పూర్తయింది. స్లీపర్లు, తొట్టి బండి, జిల్లా పేరు, పలక రకం అన్నీ కలిపితే ఇది 1890ల రైలు కట్ట పని అని నా అభిప్రాయం. కోర్టులో సాక్ష్యంగా నిలబడదు గానీ, ధాత కరువు కాలవ మాత్రం కాదని గట్టిగానే చెప్తాను.

అలాగని ఇంట్లో చెప్పుకున్న కథని కొట్టిపారేయకండి. ధాత నామ సంవత్సరం అంటే 1876-77, ఈశ్వర 1877-78. ఆ రెండేళ్లూ మన వైపు ఘోరమైన కరువు. కూలీలకి పని చూపించడానికి బకింగ్‌హాం కాలవ తవ్వించిన మాట నిజం. 1866లో ఒంగోలుకి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కొన్ని మైళ్ల తవ్వకం తనే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. కరువు చివర 1878 జులై 3న గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇంత పెద్ద సంగతి ఇళ్లలో మాటగా మిగలడం సహజమే. మీ ముత్తాతగారి ముందుతరం కాలవ పనిలో ఉండొచ్చు, తర్వాత తరం రైలు కట్ట పనిలో ఉండొచ్చు. రెండూ మట్టిపనే గనక ఒక ఫొటోకి రెండో కథ అతుక్కుని ఉంటుంది. మీ పుస్తకంలో రెండూ పక్కపక్కనే రాయండి. ఏది ఫొటో చెప్పింది, ఏది అవ్వ చెప్పింది అన్నది చదివేవాళ్లకి తెలియాలి, అంతే.

ఇక కాగితాల కట్ట. నిజం చెప్పాలంటే మీ పెట్టెలో అసలు నిధి అదే, ఫొటో కాదు. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, అది జులై 1న మొదలవుతుంది. ఫసలీ 1310 అంటే 1900 జులై నుంచి 1901 జూన్ దాకా. మీరు పెట్టిన ఒక్క పేజీని బట్టి అది అడంగల్‌లా ఉంది. ఏ చేలో ఏం వేశారు, నీళ్లు ఎక్కడివి, ఎంత బీడు పడింది అన్నీ వరసగా ఉంటాయి. అందులో ‘నీలి’ అన్న మాట కోసం చూడండి. పందొమ్మిదో శతాబ్దంలో నెల్లూరు జిల్లా నీలిమందుకి పేరున్న చోటు. 1897లో జర్మనీ వాళ్లు కృత్రిమ నీలిని బజారులోకి దింపాక మన రైతుకి గిట్టుబాటు తగ్గిపోయింది. మీ కట్టలో నాలుగైదు ఫసలీలు వరసగా ఉంటే, నీలి చేలు జొన్నకో వరిగకో మారిన ఏడు మీ ఊరి లెక్కల్లోనే దొరకొచ్చు. తర్వాతి ఫసలీలు ఉంటే పొగాకు మొదటిసారి ఎప్పుడు కనపడిందో కూడా చూడండి. రాజుల పేర్ల కన్నా ఈ లెక్కలే ఊరి చరిత్ర అని నేననుకుంటాను. దీని మీద నాతో పోట్లాడే చరిత్ర మాస్టార్లు ఉన్నారు, ఉండనివ్వండి.

కట్ట బయట వెతకాల్సినవాటిలో మొదటిది ఇనాం ఫెయిర్ రిజిస్టరు, అంటే దానంగానో సేవకో ఇచ్చిన మాన్యం భూముల పుస్తకం. ఇనాం కమిషన్ 1858లో వేశారు, మన వైపు విచారణలు 1860ల్లో జరిగాయి. గుడి మాన్యం, అగ్రహారం, కరణం, కుమ్మరి, మంగలి సేవా మాన్యాలు, చెరువు తవ్వించినవాడికి ఇచ్చిన దశబంధం, ఇలా ఏ ఇనాం అయినా ఎవరిచ్చారు, మొదట ఎవరికిచ్చారు, విచారణనాటికి అనుభవిస్తున్నది ఎవరు, వాళ్లకీ మొదటివాడికీ చుట్టరికమేమిటి అని గడుల వారీగా అందులో రాసుంటుంది. చివరి గడిలో అధికారి అభిప్రాయం ఉంటుంది. దాన్ని తప్పకుండా చదవండి. ‘సనదు (దాన పత్రం) పోయిందని చెప్తున్నారు’ లాంటి ఒక్క వాక్యంలో ఊరి తగాదా మొత్తం బయటపడుతుంది. నకలు కోసం కలెక్టరేటు రికార్డు రూములో ఊరిపేరు, తాలూకా, టైటిల్ డీడ్ నంబరు తెలిస్తే అదీ రాసి దరఖాస్తు పెట్టండి. ఇవాళ్టి మండలం పేరు కాకుండా అప్పటి తాలూకా పేరు రాయండి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. కందుకూరు, కనిగిరి, కావలి, ఆత్మకూరు సర్కారు తాలూకాలు. పొదిలి, దర్శి వెంకటగిరి జమీందారీ కిందివి. జమీందారీ ఊళ్లకి రైతువారీ సెటిల్‌మెంటు లెక్కలు, అంటే సర్కారు నేరుగా రైతు పేరున శిస్తు కట్టిన లెక్కలు, పాతవి ఉండవు. 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చాక సర్వే చేసి రాసినవే ఉంటాయి. అంతకుముందు కాలానికి సంస్థానం కాగితాలు, కోర్టు దావాల కాగితాలు వెతకాలి. జమీందారీ వ్యతిరేక పోరాటం రోజులకైతే నెల్లూరు వెంకట్రామానాయుడు నడిపిన ‘జమీన్ రైతు’ వారపత్రిక కన్నా మంచి ఆధారం లేదు. పాత సంచికలు ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించింది. ఆ పత్రిక ఒక పక్షాన నిలబడి రాసిందన్నది గుర్తుంచుకుని చదవాలి, అందుకే అది అంత వేడిగానూ ఉంటుంది.

జిల్లా దాటి పైకి పోతే మద్రాసే. 1801లో ఆర్కాటు నవాబు నుంచి నెల్లూరు కంపెనీ చేతికొచ్చింది. అప్పట్నుంచి 1953 అక్టోబరు 1 దాకా మనం మద్రాసు కింద ఉన్నాం. కలెక్టరు రాసిన ప్రతి ఉత్తరం బోర్డ్ ఆఫ్ రెవెన్యూకి పోయేది. ఆ సంపుటాలు ఎగ్మూరు రైల్వే స్టేషనుకి ఎదురుగా ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. నేరుగా పోయి మా ఊరి కాగితాలివ్వండి అంటే పని జరగదు. ఏడాదివారీ ఇండెక్సు పుస్తకాలు ముందేసుకుని, నెల్లూరు జిల్లా కింద చెరువు, కరువు, రైలు, ఇనాం లాంటి విషయాలు చూసుకుంటూ నంబరు, తేదీ రాసుకోవాలి. ఆ నంబరుతో చీటీ ఇస్తేనే కట్ట బయటికొస్తుంది. ఏదైనా కాలేజీ నుంచి పరిచయ ఉత్తరం పట్టుకెళ్తే అనుమతి సులువవుతుంది. పాత ఇంగ్లీషు స్పెల్లింగులకి కూడా సిద్ధపడి వెళ్లండి. కావలి, కందుకూరు లాంటివి ‘కె’ కింద లేకపోతే ‘సి’ కింద చూడండి.

ఇల్లు కదలకుండా చదవగలిగేవి కూడా ఉన్నాయి. బాస్వెల్ రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్ 1873లో వచ్చింది. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి జిల్లా శాసనాలన్నీ మూడు భాగాలుగా 1905లో అచ్చువేశారు. అందులో ఒంగోలు, దర్శి, పొదిలి కూడా ఉన్నాయి, తాలూకాల వారీగా ఊరి పేరుతో వెతకొచ్చు. రెండూ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితం. మీ ఊరి గుళ్లో సున్నం కింద మునిగిపోయిన శాసనం పాఠం ఆ పుస్తకంలో దొరికే అవకాశముంది. కంపెనీ సర్వే అధికారి మెకంజీ దొర కోసం కావలి సోదరులు, వాళ్ల మనుషులు సేకరించిన కైఫియత్తులు కూడా చదవండి. మెకంజీ 1821లో పోయాడు, అంటే అవి అంతకుముందు ఊరి కరణాలు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నవి. వాటిలో మూడు నాలుగు తరాల లోపలి సంగతులు గట్టివి. అంతకు పైన జనమేజయుడు కూడా వస్తాడు, భక్తితో చదివి పక్కన పెట్టండి.

ఫొటోల దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే అసలు ప్రమాదం వాటితోనే. వాట్సాప్‌లో ‘మన జిల్లా ధాత కరువు’ అని ఎముకల గూళ్లలాంటి మనుషుల ఫొటోలు తిరుగుతుంటాయి. వాటిలో చాలావరకు మద్రాసు సైన్యంలో పనిచేసిన హూపర్ అనే అధికారి 1876-78 మధ్య తీసినవి. మనుషుల్ని కెమెరా ముందు పేర్చి కూర్చోబెట్టి తీశాడని ఆనాడే విమర్శలొచ్చాయి. వాటిని మీ ఊరికి అంటగట్టకండి.

మిషన్ వాళ్ల ఫొటోలు మనకి చాలా ఉన్నాయి. నెల్లూరు, ఒంగోలు, కావలి వైపు అమెరికన్ బాప్టిస్టులు పనిచేశారు. దక్షిణాన సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు వైపు జర్మనీ హెర్మన్స్‌బుర్గ్ లూథరన్లు 1860ల నుంచి ఉన్నారు. అంటే గూడూరు పాత ఫొటో అమెరికాలో వెతికితే దొరక్కపోవచ్చు, జర్మనీలో దొరకొచ్చు. ఈ ఫొటోలు చందాలిచ్చేవాళ్లకి చూపించడానికి తీసినవి. ‘ముందు ఇలా, తర్వాత ఇలా’ అన్న పద్ధతిలో జతలుగా ఉంటాయి. మనుషుల పేర్లకన్నా వెనకనున్న బడి గోడ, బావి, మంగుళూరు పెంకు, బండి చక్రం వీటిని నమ్మండి, ఆ ఫొటోగ్రాఫరుకి వాటి గురించి అబద్ధం చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఒక విషయంలో మాత్రం కొంచెం కటువుగా చెప్తాను. దక్షిణాది కులాలు, తెగల మీద థర్‌స్టన్ రాసిన 1909 సంపుటాల్లో మన యానాదుల ఫొటోలు ఉన్నాయి, పేర్లు లేకుండా, కొలతలతో. కావలిలో ఎరుకలవాళ్ల కోసం బాప్టిస్టు మిషన్ నడిపిన సెటిల్‌మెంటు, అంటే నిఘాలో ఉంచే కాలనీ, ఉండేది. ఆనాటి చట్టం ఆ కులాల్ని పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టింది. ఆ రిజిస్టర్లు, ఫొటోలు మీ చేతికి వస్తే పేర్లతో సహా ఫేస్‌బుక్‌లో పెట్టకండి. వాళ్ల మునిమనవలు మన మధ్యే ఉన్నారు. ముందు వాళ్లకి చూపించండి, పెట్టాలో వద్దో వాళ్లే చెప్తారు. ఫొటోలో ఉన్నది ఫలానా చోటని, ఫలానా పండగని గుర్తుపట్టేదీ వాళ్లే.

భద్రం చెయ్యడం గురించి మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. లామినేషన్ చేయించకండి. ఎవరు చెప్పినా వద్దు. ఫ్రేము గాజుకి అతుక్కున్న ఫొటోని ఊడబీకకండి, గాజు మీదుగానే తీయించండి. స్కాన్ 600 డీపీఐలో, టిఫ్ ఫైలుగా చేయించి, వెనకవైపు కూడా విడిగా తీయించండి. అట్ట మీద బాల్‌పెన్నుతో ఏమీ రాయొద్దు, రాయాల్సొస్తే మెత్తటి పెన్సిలు. తాటాకు కవిలె తాడు లాగి విప్పకండి. ఆకులు పెళుసుగా ఉంటే విరిగిపోతాయి. నిమ్మగడ్డి నూనె పల్చగా రాసి ఆకుల్ని మెత్తబరిచే పద్ధతి తెలిసినవాళ్లు ప్రాచ్యలిఖిత గ్రంథాలయాల్లో ఉంటారు. వాళ్ల దగ్గరికి తీసుకెళ్లేదాకా నూలు గుడ్డలో చుట్టి, నేలకి తగలకుండా ఎత్తుమీద పెట్టండి. మన సముద్రపు గాలికి తేమ ఎక్కువ, ట్రంకుపెట్టె మూత రోజుల తరబడి బిగించి ఉంచకండి.

ఇప్పుడు మీరు చేయగల పని. పోస్టుకార్డుల తపాలా బిళ్ల వైపు ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. బిళ్ల మీద గడ్డం ఉన్న బట్టతల రాజు ఉంటే ఏడో ఎడ్వర్డు, అంటే కార్డు 1902 తర్వాతిది. కిరీటం పెట్టుకున్న గడ్డం రాజు ఐదో జార్జి అయితే 1911 నుంచి ఇటుది. పోస్టాఫీసు ముద్ర చదవగలిగితే ఇక గొడవే లేదు. గ్రూపు ఫొటో అట్ట కింద అంచున ఒత్తిన అక్షరాలు ఉన్నట్టున్నాయి, స్టూడియో పేరు కావచ్చు. టార్చిలైటుని పక్కనుంచి, బాగా వాలుగా వేసి తీస్తే ఆ ఒత్తు నీడ పడి కనిపిస్తుంది. అడంగల్ కట్టలో ప్రతి ఫసలీ మొదటి పేజీ ఒక్కటి చాలు, మిగతావి తర్వాత చూద్దాం. ఊరిపేరు ఇక్కడ బయట పెట్టడం ఇష్టం లేకపోతే తాలూకా, పక్క చెరువు పేరు చెప్పండి. ఇనాం రిజిస్టరు దరఖాస్తులో ఏం రాయాలో చెప్తాను.